సమాధుల పండుగకు అలంకరణ మన చేత్తోనే ఎలా చేసుకోవాలి?

నవంబరు 2 సమాధుల పండుగ, చనిపోయిన మన వాళ్లను తలుచుకుని ప్రార్థించే రోజు. చెన్నైలో ఉండే తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఈ తేదీతో పాటే ఇంకో సంగతి గుర్తుకొస్తుంది: వాన. అక్టోబరు మూడో వారం దాటితే ఈశాన్య రుతుపవనాలు ఏ రోజైనా దిగవచ్చు. పండుగ నాటికి కీల్పాక్‌లోనో, కాశిమేడులోనో, శాంథోమ్ వైపు క్విబుల్ ఐలాండ్‌లోనో సమాధుల తోట తడిసి ముద్దయి ఉంటుంది. అందుకే ఇక్కడ అలంకరణ అందంగా ఉంటే సరిపోదు, వానకు నిలవాలి, తర్వాత మట్టిలో కలిసిపోవాలి.

గేటు బయట దొరికే రీత్‌లు (గుండ్రటి పూల చక్రాలు) చాలావరకు థర్మాకోల్ చక్రం మీదో, ఆకుపచ్చ ఫోమ్ మీదో కడతారు. ఆ ఫోమ్ కూడా ప్లాస్టిక్ జాతిదే, పొడి అయిపోతుంది గానీ మట్టిలో కలవదు. పండుగ అయిన వారానికి తోటలో మూలమూలనా తేలేవి ఇవే. వాటి బదులు అరటి బోదె, కొబ్బరి ఈనెలు, నార, విడి పూలు ఉంటే ఇంట్లోనే చక్కటి సిలువ చేసుకోవచ్చు. ఖర్చు తగ్గడం ఒక్కటే కాదు. అమ్మమ్మ సమాధికి పూలు గుచ్చుతూ నలుగురూ కూర్చుంటే ఆ గంటసేపు ఇంట్లో అమ్మమ్మ మాటలే నడుస్తాయి. ఆమెను చూడని పిల్లలకు ఆమె ఎలాంటి మనిషో తెలిసేది అలాంటప్పుడే. నా మటుకు నాకు ఈ పని ఇంట్లో చేసుకోమని చెప్పడానికి అసలు కారణం ఇదే.

వారం ముందు: సమాధి చూసి రండి

టేపు తీసుకెళ్లి పొడవు, వెడల్పు కొలవండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సమాధి మట్టిదా, సిమెంటుదా, గ్రానైటా, పాలరాయా చూసుకోండి, చేసే పనంతా దాన్ని బట్టే ఉంటుంది. కాపలా చూసే ఆయన్ను పలకరించి మూడు విషయాలు అడగండి: రంగు, సున్నం వేసుకోనిస్తారా, కొవ్వొత్తులు ఎక్కడ వెలిగించాలి, ఆ రోజు గేట్లు ఎప్పుడు తెరిచి ఎప్పుడు మూస్తారు. పండుగ నాడు రద్దీలో ఇవేవీ అడగలేరు.

మీ సంఘం పద్ధతి కూడా ముందే కనుక్కోండి. కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) ఫాదర్ గారు ప్రార్థన చేసి సమాధుల మీద తీర్థం చల్లుతారు. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో చాలామంది పూలు, కొవ్వొత్తులు పెట్టి ప్రార్థన చేసుకుంటారు. కొన్ని సంఘాల్లో సమాధికి పూలు పెట్టడమే వద్దంటారు. ఒకే కుటుంబంలో రెండు మూడు సంఘాల వాళ్లు ఉండటం మనకు మామూలే. అగరుబత్తి పెట్టాలా, వద్దా అన్న వాదన సమాధి దగ్గర మొదలుపెట్టకుండా ఇంట్లోనే పెద్దవాళ్లతో మాట్లాడి తేల్చుకోండి.

రెండు మూడు రోజుల ముందు: శుభ్రం

వానకు పెరిగిన గడ్డిలో చెయ్యి పెట్టే ముందు కర్రతో ఒకసారి కదిలించండి. తేళ్లు, పాములు ఉండొచ్చు, చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. పగుళ్లలో రావి మొలక కనిపిస్తే లేతగా ఉన్నప్పుడే, నేల తడిగా ఉండగా వేరుతో సహా లాగేయండి. కాండం వేలంత లావెక్కితే లాగొద్దు, రాయి కూడా లేచి వస్తుంది. మొదలు దగ్గర కోసేసి మేస్త్రీకి చూపించండి.

పాలరాయికి నిమ్మకాయ, చింతపండు, వెనిగర్, బాత్‌రూమ్ యాసిడ్ ఏదీ తగలనీయకండి. పులుపు ఏదైనా పాలరాయిని తినేస్తుంది, మెరుపు పోయి గరుకుగా మిగులుతుంది. నీళ్లు, మెత్తటి బ్రష్, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. పోయిన ఏటి మైనం అంటుకుని ఉంటే ఐసు ముక్కలు కవర్లో వేసి దాని మీద పెట్టండి, గట్టిపడ్డాక పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే పెచ్చులుగా లేచివస్తుంది. కత్తి వాడకండి.

సిమెంటు సమాధికి సున్నం వేస్తే కళ వస్తుంది. పొడి సున్నం ముందురోజు రాత్రే నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, చిటికెడు నీలిమందు, కొంచెం బంక కలపండి. సమాధిని తడిపి, పల్చగా రెండు పూతలు వేయండి. ఒక్కసారే చిక్కగా వేస్తే పెచ్చులూడుతుంది. చేతులకు గ్లౌజులు తప్పనిసరి, పిల్లలను ఈ పనికి దూరంగా ఉంచండి. ఆరడానికి ఒక పూట ఎండ కావాలి కాబట్టి మబ్బు లేని రోజు చూసుకోండి.

ముందురోజు: పూలు

కోయంబేడు మార్కెట్‌కు తెల్లవారుజామున వెళ్తే తాజా పూలు దొరుకుతాయి. వానకు నిలిచేవి చామంతి, బంతి, కోడిజుట్టు. మల్లె ఒక్క రోజుకే గోధుమరంగుకు తిరుగుతుంది. గులాబీ విడిరేకులు వాన పడితే ముద్దవుతాయి, హోసూరు నుంచి వచ్చే కాడ గులాబీలైతే మధ్యలో నాలుగైదు గుచ్చుకోవచ్చు. లిల్లీ పూలు తెల్లగా బాగుంటాయి, కొంచెం మొగ్గలుగా ఉన్నవే తీసుకోండి. కింద చెప్పిన కొలతల సిలువకు అరకిలో విడి చామంతులు, గుప్పెడు ఆకులు సరిపోతాయి.

విడిపూలను కవర్లో ఉంచితే చెమ్మ పట్టి కుళ్లుతాయి. తడిపి పిండిన బట్ట మీద పరిచి, పైన ఇంకో తడిబట్ట కప్పండి. కాడ పూలకు కాడ చివర ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేసి, నాలుగైదు గంటలు బకెట్ నీళ్లలో నిలబెట్టండి.

అరటి బోదె సిలువ

బోదె నిండా నీరే. రెండు మూడు రోజుల దాకా పూలకు తేమ అందుతూనే ఉంటుంది, ఫోమ్ చేసే పని అదే చేస్తుంది. పైగా బరువు ఉంటుంది కాబట్టి గాలికి ఎగరదు. కావలసినవి: నాలుగైదు అంగుళాల లావున్న బోదె ముక్కలు రెండు (ఒకటి రెండున్నర అడుగులు, ఇంకోటి ఒకటిన్నర అడుగు), చీపురు నుంచి తీసిన కొబ్బరి ఈనెలు ఒక కట్ట, వెదురు పుల్లలు నాలుగు, అరటి నార, రంపం లాంటి పళ్లున్న కత్తి. బోదె రసం బట్టకు అంటితే మరక పోదు, పాత బట్టలు వేసుకుని కింద గోనెసంచి పరుచుకోండి.

1. బోదె పైన వాడిన డొప్పలు ఒకటి రెండు ఒలిచేయండి. లోపల తెల్లగా, గట్టిగా ఉన్నది మిగలాలి. మరీ లోపలి దవ్వ దాకా ఒలిస్తే సన్నబడిపోతుంది.

2. రెండు ముక్కలకూ ఒక పక్క నిలువునా పల్చగా చెక్కి చదును చేయండి. ఆ చదును పక్కే సమాధి మీద ఆనుతుంది, దొర్లదు. డొప్పలు విడిపోకుండా రెండు చివర్లా నారతో బిగించండి.

3. పొడుగు ముక్కలో పైనుంచి మూడో వంతు దగ్గర, పైవైపు నుంచి సగం లోతుకు గాడి కోయండి. గాడి వెడల్పు అడ్డ ముక్క వెడల్పంతే ఉండాలి. అడ్డ ముక్కకు నడిమధ్యన, చదును పక్క నుంచి అలాంటిదే ఇంకో గాడి. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే రెండూ ఒకే ఎత్తులో కూర్చుంటాయి. ఈ ఒక్క అడుగులో తొందరపడకండి, గాడి వదులైతే సిలువ మోసుకెళ్లేటప్పుడు ఊగుతుంది.

4. కూడలి దగ్గర వెదురు పుల్లలు మొన చెక్కి, పైనుంచి కొంచెం ఏటవాలుగా, ఒకదానికొకటి ఎదురుగా దించండి. పైన నారతో అడ్డదిడ్డంగా నాలుగు చుట్లు చుట్టి ముడి వేయండి. ఇనుప తీగ వద్దు. కాశిమేడు లాంటి సముద్రపు గాలి చోట ఒక్క వానకే తుప్పు దిగి రాయి మీద చార పడుతుంది.

5. ముందు అంచులకు ఆకులు. క్రోటన్, అశోక, ఫెర్న్ ఏదైనా సరే. ఆకు కాడ బయటికి కనిపించకుండా, కొన కిందికి వాలేలా గుచ్చితే పక్కల తెల్లబోదె కనిపించదు.

6. ఈనెలను మూడు అంగుళాల ముక్కలుగా ఏటవాలుగా కోసుకోండి. చామంతిని చేతిలో బోర్లా పట్టుకుని, వెనక ఆకుపచ్చ తొడిమ నడిమధ్య నుంచి ఈనె గుచ్చండి. మొన రేకుల మధ్య ఇంత కనిపించీ కనిపించనట్టు ఉన్నప్పుడు ఆపేయాలి. అంతకంటే తక్కువ గుచ్చితే పువ్వు జారుతుంది, ఎక్కువ గుచ్చితే రేకులు విచ్చుకుపోతాయి. నాలుగైదు పూలు చేసేసరికి చేతికి అలవాటవుతుంది. పిల్లలు ఇష్టంగా చేసే పని ఇది, ఈనెలు మీరు కోసిచ్చి గుచ్చడం వాళ్లకు వదిలేయండి.

7. పూలు చివర్ల నుంచి మొదలుపెట్టి కూడలి వైపు రండి. పువ్వుకు పువ్వు తగిలేలా దగ్గరగా పెట్టాలి. కూడలి దగ్గర ముడి కనపడకుండా పెద్ద పూలు, మధ్యలో వేరే రంగు. ఒకే రంగు సిలువ, నడుమ ఎర్ర కోడిజుట్టు పెడితే దూరానికి కూడా నిండుగా కనిపిస్తుంది. నాలుగైదు రంగులు కలిపితే అంత బాగుండదని నా అభిప్రాయం.

పూర్తయ్యాక నీళ్లు చిలకరించి, తడి గోనె కప్పి, గాలి ఆడే చోట ఉంచండి. సమాధి పాలరాయిదైతే సిలువ కింద అరటి ఆకు పరవడం మరవొద్దు. తడి బంతిపూల పసుపు, బోదె రసం రెండూ తెల్లరాయిని పట్టుకుంటాయి.

మట్టి సమాధి అయితే

రాయి కట్టించలేదని చాలామంది నొచ్చుకుంటారు. నిజానికి అలంకరణ బాగా అమిరేది మట్టి సమాధికే. వానకు దిగిన చోట మెత్తటి ఎర్రమట్టి పోసి, నీళ్లు చల్లి, అరచేత్తో తట్టుకుంటూ తలవైపు కొంచెం ఎత్తుగా, పక్కలకు వాలుగా చేయండి. నీరు నిలవకూడదు. చుట్టూ రాళ్లో, సగం ఇటుకలో ఏటవాలుగా పాతితే మట్టి జారదు. తడి ఆరకముందే పుల్లతో సిలువ గీత గీసి, తొడిమ ఉన్న పూలను నేరుగా మట్టిలోకి నొక్కితే చాలు, బోదె కూడా అక్కర్లేదు. గీత లోపల తెల్లపూలు, బయట బంతిరేకులు. ఏడాది తిరగని సమాధి మీద బరువైన కుండీలు పెట్టొద్దు, పైన కాలు మోపొద్దు, లోపల మట్టి ఇంకా కుదురుకుంటూ ఉంటుంది.

పేరు పలక

చెన్నైలో తెలుగు అక్షరాలు రాసే పెయింటర్లు అంత తేలికగా దొరకరు, అందుకే మన వాళ్ల సమాధుల మీద పేర్లు చాలాచోట్ల తమిళంలోనో, ఇంగ్లీషులోనో ఉంటాయి. తాతయ్య జీవితమంతా తెలుగు బైబిలే చదివి ఉంటే ఆయన పేరు తెలుగులో ఉండాలి కదా. కంప్యూటర్లో పేరు పెద్ద సైజులో టైప్ చేసి ప్రింటు తీయించండి. ఒత్తులు, దీర్ఘాలు ఇంట్లో ఇద్దరు చూడాలి. తెల్ల రంగు వేసి ఆరబెట్టిన చెక్క మీద కార్బన్ పేపర్, దాని మీద ప్రింటు పెట్టి టేపు అంటించి, బాల్‌పెన్‌తో అచ్చు దించండి. సన్న కుంచెతో నల్ల ఎనామిల్ పెయింటు వేయండి. సున్న, గుడి లాంటి గుండ్రటి చోట్ల కుంచె తిప్పకుండా చెక్కను తిప్పుతూ పోతే గీత వణకదు. ఆరడానికి ఒక రోజు ఇవ్వండి. పేరు, పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ చాలు. బైబిలు వాక్యం రాయాలనుకుంటే రిఫరెన్స్ (గ్రంథం పేరు, అధ్యాయం, వచనం అంకెలు) ఒక్కటి వేయండి, చిన్న పలక మీద వాక్యమంతా ఇరికిస్తే ఎవరూ చదవలేరు.

కొవ్వొత్తులు, పూలకుండీలు

కొవ్వొత్తి రాయి మీద నేరుగా అంటించకండి. సగం కొబ్బరి చిప్పలో తడి ఇసుక నింపి అందులో గుచ్చండి. గాలికి ఆరకుండా ఉండాలంటే నోరు వెడల్పున్న గాజుసీసాలో అడుగున ఇసుక పోసి పొట్టి కొవ్వొత్తి పెట్టండి. ఎండుపూలకు, రిబ్బన్‌కు దూరంగా ఉండాలి.

కుండీలో నీళ్లు పోసి వదిలేస్తే వారం పది రోజుల్లో డెంగీ దోమలు పుడతాయి. నీళ్ల బదులు తడి ఇసుక నింపండి, పూలు అందులోనూ రెండు మూడు రోజులు నిలుస్తాయి.

పండుగ రోజు, ఆ తర్వాత

ఉదయాన్నే వెళ్తే రద్దీ తక్కువ. సిలువను పొడవాటి అట్ట మీద పెట్టి ఇద్దరు మోయండి, ఆటోలో ఒళ్లో పెట్టుకుంటే పూలు నలుగుతాయి. ప్రార్థనకు వచ్చేవాళ్లు నిలబడేందుకు పక్కన చోటు వదలండి, పక్క సమాధి మీద మీ బుట్టలు పెట్టకండి. ఆ పక్క సమాధికి ఎవరూ రాలేదనిపిస్తే మిగిలిన పూలు రెండు అక్కడ ఉంచండి. వాన గట్టిగా పట్టుకుంటే టెన్షన్ పడొద్దు. కతోలికులకు నవంబరు 1 నుంచి 8 వరకు సమాధుల తోటకు వెళ్లి మృతుల కోసం ప్రార్థించమని శ్రీసభ (కతోలిక చర్చి) ప్రత్యేకంగా చెప్పింది, ఆ వారంలో తెరిపి ఇచ్చిన పూట వెళ్లొచ్చు.

మూడు నాలుగు రోజులకు ఎవరో ఒకరు మళ్లీ వెళ్లి తీసేయాలి, ఈ పని ఎవరిదో ముందే అనుకోండి. బోదె, పూలు, ఆకులు ఎక్కడ వేయాలో కాపలా ఆయన చెబుతారు. గాజుసీసాలు, రిబ్బన్లు, మైనం ముక్కలు ఇంటికి తెచ్చేయండి. వెదురు పుల్లలు కడిగి ఆరబెట్టి, సమాధి కొలతలు రాసిన కాగితంతో కలిపి దాచుకుంటే, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లే కుటుంబాలకు అప్పుడు మళ్లీ పనికొస్తాయి.