డీజిల్ బండిలో పెట్రోలు పడితే తాళం తిప్పకండి

మొన్న ఆదివారం పెళ్లికని మా బావ హైదరాబాదు నుంచి స్నేహితుడి కారు అడిగి తెచ్చుకున్నాడు. డీజిల్ బండి, అదే మోడల్ పెట్రోల్లో కూడా వస్తుంది. రావులపాలెం దాటాక బంకులో ఆపి, "ఫుల్ చెయ్యి తమ్ముడూ" అని ఫోన్లో పడ్డాడు. పది లీటర్ల పెట్రోలు పడ్డాక చూసుకున్నారు. అక్కడిదాకా పోయింది వెయ్యి చిల్లర. వెనక హారన్లు మోగుతుంటే బంకువాళ్లు "పక్కకి తియ్యండి సార్" అన్నారు, బావ స్టార్ట్ చేశాడు, బండి బాగానే నడుస్తోంది కదా అని అలాగే లాగించాడు. కొత్తపేటలో ఆగిపోయింది. బిల్లు లక్ష దాటింది.

సంక్రాంతి వచ్చిందంటే ఇంతే. అద్దె కార్లు, అడిగి తెచ్చుకున్న కార్లు, బంకుల్లో పండగ రద్దీకి పెట్టుకున్న కొత్త కుర్రాళ్లు. అందుకే చెప్తున్నా.

తప్పు పడిందని తెలిస్తే తాళం తిప్పకండి. చాలా బండ్లలో సగం తిప్పినా ట్యాంకులో పంపు తోడడం మొదలెడుతుంది. డీజిల్ ఇంజన్లో హైప్రెషర్ పంపుకి డీజిలే కందెన, పెట్రోలుకి ఆ జిడ్డు ఉండదు. ఇనుము ఇనుము రాసుకుని రజను రాలుతుంది, అది ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలోకి పోతుంది. స్టార్ట్ చెయ్యకపోతే ట్యాంకు దింపి కడిగితే సరిపోతుంది. పక్కకి తియ్యాలా? న్యూట్రల్‌లో వేసి తోయించండి. హారన్లు కొడితే కొట్టనివ్వండి. "అయిదు లీటర్లేగా, పైన డీజిల్ కలిపేస్తే సర్దుకుంటుంది" అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. బాగుచేయించే ఖర్చు వాళ్లు పెట్టుకోరు.

పెట్రోల్ బండిలో డీజిల్ పడితే నష్టం తక్కువేగానీ, అప్పుడూ తాళం తిప్పకండి.

ఇక బంకులో మిగతా జాగ్రత్తలు. మూత తియ్యకముందే "డీజిల్" అని గట్టిగా చెప్పండి. అడిగి తెచ్చిన బండైతే మూత లోపలి స్టిక్కర్ చదవండి. కిందికి దిగి నిలబడండి, ఫోను జేబులో పెట్టండి, మీటర్లో సున్నా చూడండి. మధ్యలో ఆపి మళ్లీ కొడితే అంకె ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి. బిల్లు తీసుకోండి, ఏం కొట్టారో అందులో ఉంటుంది, రేపు గొడవైతే అదే సాక్ష్యం. కొలత మీద అనుమానముంటే సీలు వేసిన 5 లీటర్ల కొలపాత్ర అడగండి, ప్రతి బంకులో ఉండాలి, 25 మిల్లీలీటర్లకి మించి తేడా రాకూడదు. గన్ను దానంతటది కట్ అయ్యాక ఇంకో యాభైకి కుక్కించకండి. ఇంజన్ ఆపండి, ఏసీ కోసం కూడా ఆన్‌లో ఉంచొద్దు. ట్యాంకులోంచి తీసిన కల్తీ నూనె బోదె కాలవలో పారబోయొద్దు, ఆ నీళ్లు పక్కవాడి చెరువులోకే పోతాయి. పురుగుమందు కొట్టే మిషన్‌కి పెట్రోలు కావాలంటే డబ్బా డిక్కీలో ఉంచి పట్టించొద్దు, నేల మీద పెట్టండి, ప్లాస్టిక్ మీద రాపిడికి పుట్టే నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. నీళ్ల సీసాలో అసలొద్దు. నరసాపురంలో గోదారి దాటించే పంటు ఎక్కేవాళ్లు ఆ డబ్బాతో ఎక్కకండి, పక్కనే ఎవడో బీడీ ముట్టిస్తాడు.