సిట్టింగులు అవుతున్నా వెంట్రుకలు తగ్గట్లేదా? పవర్ పెంచే ముందు ఇది చూడండి

వెంట్రుకలు తగ్గించే లేజర్ అయినా, ఇంట్లో వాడే ఐపీఎల్ (కాంతి ఫ్లాష్‌లు కొట్టే) మెషిన్ అయినా వచ్చే ఫిర్యాదు ఒకటే: ఇన్ని సిట్టింగులు అయ్యాయి, గడ్డం కింద మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వెంటనే పవర్ పెంచమంటారు, లేదా మెషిన్ మార్చమంటారు. రెండూ తర్వాత. గత నెలన్నరలో అక్కడ ఒక్క వెంట్రుకనైనా వేరుతో సహా పీకారా? ముందు అది తేలాలి.

కాంతికి పట్టు దొరికేది వెంట్రుకలోని నల్లరంగు, అంటే మెలనిన్ దగ్గరే. అది కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడి వెంట్రుక మొలిచే కుదురు గోడల్లోని కణాలకు పాకి వాటిని దెబ్బతీస్తుంది. వెంట్రుక పీకేసిన చోట కాంతి వేయడమంటే వత్తి తీసేసిన ప్రమిదకు అగ్గిపుల్ల చూపించడమే. చర్మం చురుక్కుమంటుంది, డబ్బు ఖర్చవుతుంది, కుదురు క్షేమంగా ఉంటుంది.

ఇది ఎందుకు బయటపడదంటే, వచ్చినవాళ్లను మనం అడిగేది "వ్యాక్సింగ్ చేయించారా?" అని. "లేదండీ" అంటారు, అది నిజమే. కాస్త ఆగి థ్రెడింగ్ సంగతి అడిగితే "ఆ, అది మామూలే కదా" అని వస్తుంది. ప్లకర్ సంగతి అయితే లెక్కలోకే రాదు, "రెండు మూడే కదండీ" అంటారు. ఆ రెండు మూడే మనకు కావలసినవి! అద్దంలో కొట్టొచ్చినట్టు కనిపించే లావు నల్ల వెంట్రుకలవి, కాంతి బాగా పట్టేదీ వాటికే. వాటిని పీకేస్తే మిగిలేది లేత నూగు. దాని మీద ఎన్ని ఫ్లాష్‌లు కొట్టినా పెద్దగా ఫలితం ఉండదు.

మాటల మీద ఆధారపడకండి, చర్మాన్ని దగ్గరగా చూడండి. షేవ్ చేసిన చోట మర్నాడు నల్లటి చుక్కలు కనిపించాలి. చుక్కలు లేకుండా నున్నగా ఉంటే అక్కడ పీకినట్టే. క్లినిక్ లేజర్ అయితే ఇంకో గుర్తు: కొట్టిన కాసేపటికి ఒక్కో కుదురు చుట్టూ సన్నటి ఎర్రటి ఉబ్బు లేస్తుంది. పక్కన లేచి ఒక్క చోట లేవకపోతే ఆ చోటు ఖాళీ అని అనుమానించండి.

పరిష్కారం: సిట్టింగుకు ముందు 4 నుంచి 6 వారాలు, ఆ తర్వాత కోర్సు అయ్యేదాకా థ్రెడింగ్, వ్యాక్సింగ్, ఎపిలేటర్, ప్లకర్ అన్నీ బంద్. రేజర్ లేదా ట్రిమ్మర్ మాత్రమే. షేవ్ చేస్తే లావుగా మొలుస్తాయన్న భయం వద్దు, తెగిన కొస మొద్దుగా ఉండటం వల్ల అలా అనిపిస్తుంది, అంతే.

సిట్టింగు అయిన వారం పది రోజులకు మళ్లీ మొలుస్తున్నాయని టెన్షన్ పడేవాళ్లూ ఉంటారు. చాలావరకు అవి కాలిన ముక్కలు బయటికి తోసుకొస్తున్నవి. రెండు మూడు వారాల్లో వాటంతటవే రాలిపోతాయి, పీకకండి.

చారలు చారలుగా మిగిలితే ఫ్లాష్‌కీ ఫ్లాష్‌కీ మధ్య ఖాళీ వదిలారని అర్థం. వరస తప్పకుండా, అంచు మీద అంచు కొద్దిగా కలిసేలా కొట్టాలి.

సిట్టింగుల మధ్య గడువు కూడా ఇష్టమొచ్చినట్టు మార్చకండి. ఎదిగే దశలో ఉన్న వెంట్రుకకే దెబ్బ సరిగ్గా తగులుతుంది, అన్నీ ఒకేసారి ఆ దశలో ఉండవు. క్లినిక్ లేజర్‌కైతే ముఖానికి సుమారు 4 నుంచి 6 వారాలు, ఒంటికి 6 నుంచి 8.

తెల్లబడిన వెంట్రుకలా? మెలనిన్ లేదు కాబట్టి లేజర్‌తో పని కాదు, ఎలక్ట్రాలసిస్ (సన్న సూదితో ఒక్కో కుదురుకు కరెంటు ఇచ్చే పద్ధతి) చూసుకోండి. చర్మం ముదురు రంగైతే 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్ అడగండి. ఇంటి మెషిన్‌లో చర్మం రంగు చూసే సెన్సర్ ఫ్లాష్ ఇవ్వనంటే దాన్ని మోసం చేయబోకండి, కాలుతుంది. గడ్డం మీద కొత్తవి వస్తూనే ఉండి, నెలసరి కూడా తప్పుతుంటే అది హార్మోన్ల సంగతి, డాక్టర్‌కు చూపించండి. కాంతి వల్లే నూగు లావెక్కడం కూడా ఉంది గానీ అరుదు. పైవన్నీ చూశాకే దాని గురించి ఆలోచించండి.