కార్డులు ఫోనులో నడుమన నిలవకపోతే: సమస్య - పరిష్కారం

ఒడిశాలోని బరంపురం పట్టుచీరల దుకాణానికి వెబ్ పేజీ తయారుచేసేవారు చీర పేరును తెలుగులోనూ ఒడియాలోనూ రాసి, ఫొటోను, ధరను కలిపి ఒకే కార్డులో అమర్చవలసి వస్తుంది. నడుమన నిలపడమంటే మిగిలిన ఖాళీని ఇరువైపులా సమంగా పంచడమే కనుక, ఆ ఖాళీ కార్డును చుట్టి ఉండే కంటైనర్‌లో ఉందో లేదో తేల్చుకోకుండా సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని నిర్దేశించే భాష)లో సెంటర్ అని ఎన్నిచోట్ల రాసినా ఫలితం ఉండదు.

మార్జిన్ (పెట్టె బయటి ఖాళీ) ఆటో ఇచ్చినా కార్డు కదలకపోవడం

వెడల్పు చెప్పని బ్లాకు (కార్డు వంటి పెట్టె) కంటైనర్ అంతా పరుచుకుంటుంది కాబట్టి పంచడానికి ఖాళీ మిగలదు. దానికి మ్యాక్స్-విడ్త్ (గరిష్ఠ వెడల్పు) ఇచ్చి, మార్జిన్-ఇన్‌లైన్: ఆటో అని రాస్తే సరిపోతుంది. టెక్స్ట్-అలైన్ అక్షరాలనే జరుపుతుంది, బ్లాకును కాదు.

ఫోనులో పేజీ పక్కకు జరగడం

ఎక్కువమందిని విసిగించేది ఇదే. పేజీ మొత్తం చిన్నదై కనిపిస్తుంటే హెడ్ భాగంలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (తెర వెడల్పును బ్రౌజర్‌కు తెలిపే పంక్తి) లేదన్నమాట; విడ్త్=డివైస్-విడ్త్ అని చేర్చాలి. అది ఉన్నా జరుగుతుంటే లెక్క వేసి చూడాలి. తెర వెడల్పు 360 పిక్సెళ్లు, కంటైనర్‌కు ఇరువైపులా 16 చొప్పున పాడింగ్ (లోపలి ఖాళీ) అనుకుంటే కార్డుకు మిగిలేది 328. కార్డు వెడల్పును 300గా రాసి, ఇరువైపులా 24 చొప్పున పాడింగ్, 1 చొప్పున బోర్డర్ ఇస్తే, సీఎస్‌ఎస్ సహజ లెక్క ప్రకారం అది 350 అవుతుంది. ఆ అదనపు 22లో 16 కంటైనర్ కుడి పాడింగ్‌లో ఇమిడిపోగా, తెర దాటిన 6 పిక్సెళ్లే పేజీని జరుపుతాయి. బాక్స్-సైజింగ్: బోర్డర్-బాక్స్ పెడితే పాడింగ్, బోర్డర్ 300లోనే ఇముడుతాయి. అయితే 320 పిక్సెళ్ల తెరపై మిగిలేది 288 మాత్రమే కనుక 300 కూడా పట్టదు. అందుకే గ్రిడ్ (గళ్ల అమరిక) నిలువు వరుసలను రిపీట్(ఆటో-ఫిట్, మిన్‌మ్యాక్స్(మిన్(100%, 300పీఎక్స్), 1ఎఫ్‌ఆర్)) అని, అంటే పట్టినన్ని వరుసలు వచ్చేలా రాయడం మేలు. ఫొటోకు మ్యాక్స్-విడ్త్: 100%, హైట్: ఆటో తప్పనిసరి.

రెండే కార్డులున్నప్పుడు అవి సాగిపోవడం

పై సూత్రంలో 1ఎఫ్‌ఆర్ మిగిలిన చోటంతా తీసుకుంటుంది కనుక పెద్ద తెరపై రెండు చీరలు పలకల్లా వెడల్పవుతాయి. ఆటో-ఫిల్‌కు మార్చితే సాగడం ఆగుతుంది గాని, ఖాళీ నిలువు వరుసలు అలాగే ఉండి కార్డులు ఎడమకు చేరతాయి. రిపీట్(ఆటో-ఫిట్, మిన్(100%, 300పీఎక్స్)) అని రాసి జస్టిఫై-కంటెంట్: సెంటర్ కలపడమే సరైన మార్గం. చివరి వరుసలో ఒంటరిగా మిగిలిన కార్డును కూడా నడుమకు తేవాలంటే గ్రిడ్‌తో పెనగులాడకుండా, ఫ్లెక్స్-ర్యాప్‌తో ఫ్లెక్స్ వాడి, జస్టిఫై-కంటెంట్: సెంటర్ ఇవ్వడం మంచిది.

వత్తులు కత్తిరించినట్లు కనిపించడం, పేరు అంచు దాటడం

ఇంగ్లీషు అక్షరాలతో పరీక్షించిన కార్డులో ఈ దోషాలు బయటపడవు. లైన్-హైట్ (పంక్తి ఎత్తు) 1.2 ఉండి, ఎత్తు స్థిరంగా ఉండి, ఓవర్‌ఫ్లో: హిడెన్ (పొంగిన భాగాన్ని దాచే సూచన) కూడా పెట్టి ఉంటే "పట్టు"లోని ట వత్తు తెగుతుంది, ఒడియా అక్షరాల కింది గుర్తులకూ అదే గతి. లైన్-హైట్‌ను 1.6కు పెంచి, హైట్ బదులు మిన్-హైట్ (కనీస ఎత్తు) రాయాలి. సంధి కలిసి పొడవైన పేర్లకు ఓవర్‌ఫ్లో-ర్యాప్: ఎనీవేర్, సమాన నిలువు వరుసలకు మిన్‌మ్యాక్స్(0, 1ఎఫ్‌ఆర్) అవసరం.

నిలువుగా నడుమన ఉంచినప్పుడు పైభాగం చేతికందకపోవడం

ఎత్తును తెర ఎత్తుకు సమానంగా 100వీహెచ్‌గా బిగించడం వల్ల వచ్చే తంటా ఇది. లోపలి విషయం పెరిగితే పైకి పొంగిన భాగం స్క్రోల్‌కు చిక్కదు. ఇక్కడా మిన్-హైట్ వాడి, ఫోను అడ్రస్ పట్టీ కదలికకు తగ్గట్టు మారే 100డీవీహెచ్ ఇవ్వాలి.