పాత మ్యాగజైన్ గేమ్‌లు మళ్లీ టైప్ చేద్దాం – 4వ పాఠం: పుండొకచోట, మందొకచోట

పోయిన పాఠం హోంవర్క్ చేసినవాళ్లకి ఈపాటికి స్పెక్ట్రమ్ అనే పాత ఇంటి కంప్యూటర్ కీబోర్డు తిక్క అర్థమైపోయి ఉంటుంది, లైన్ నంబర్ కొట్టాక కర్సర్‌లో కే మెరుస్తుంటే పీ కీ ఒక్కటి నొక్కితే చాలు ప్రింట్ అనే మాట మొత్తం వచ్చి పడుతుంది, ఓ నొక్కితే పోక్, జీ నొక్కితే గో టూ. ఆర్ఎన్‌డీ (ఏదో ఒక అంకె ఇచ్చే మాట) లాంటివి మాత్రం రెండు షిఫ్ట్‌లూ కలిపి నొక్కి వదిలాక టీ కొడితే వస్తాయి, మూడక్షరాలు విడివిడిగా కొడితే ఒప్పుకోదు. చేయనివాళ్లు ముందు ఆ పాఠం చూసి రండి, ఇవాళ అసలైన గేమ్.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ 1982 ఏప్రిల్‌లో ఇంగ్లండులో వచ్చింది, 16కే మెమరీ మోడల్ 125 పౌండ్లు, 48కే అయితే 175. కొనుక్కున్న పిల్లలకి మ్యాగజైన్లే గేమ్‌ల దుకాణం, సింక్లెయిర్ ప్రోగ్రామ్స్ అనే పత్రిక అయితే దాదాపు మొత్తం లిస్టింగులే (అంటే చూసి కొట్టుకోడానికి అచ్చేసిన ప్రోగ్రాంలు), ఇన్‌పుట్ అనేది 52 సంచికల్లో సీరియల్‌లాగా ప్రోగ్రామింగ్ నేర్పింది. మనం చేసేది ఆ పనే, కాకపోతే ఎమ్యులేటర్ మీద, అంటే ఇప్పటి కంప్యూటర్లో ఆ పాత మెషిన్ లాగా నడిచే ప్రోగ్రాం మీద.

ఈ కింది గేమ్ ఏ పత్రికలోదీ కాదు, నేనే రాశా. కానీ ఆ రోజుల్లో వచ్చిన తప్పించుకునే గేమ్‌లు, అంటే కారు, ఓడ, మంచు మీద జారేవాడు, అన్నిటికీ లోపల ఎముకల గూడు దాదాపు ఇదే. మనం వీ ఆకారం బండిగా 10వ వరసలో నిలబడి ఉంటాం, కింద నుంచి చుక్కలు (*) పైకి వస్తుంటాయి, తగలకుండా పక్కకి జరగాలి, అంతే.

10 బోర్డర్ 0: పేపర్ 0: ఇంక్ 7: సీఎల్ఎస్
20 లెట్ ఎక్స్=15: లెట్ ఎస్=0
30 పోక్ 23692,255
40 ప్రింట్ ఎట్ 21, ఇంట్ (ఆర్ఎన్‌డీ*32); ఇంక్ 2; "*"
50 ప్రింట్ ఎట్ 21,0: ప్రింట్
60 లెట్ ఎక్స్=ఎక్స్+(ఇన్‌కీ$="పీ" అండ్ ఎక్స్<31)-(ఇన్‌కీ$="ఓ" అండ్ ఎక్స్>0)
70 ఇఫ్ స్క్రీన్$ (10,ఎక్స్)="*" దెన్ గో టూ 100
80 ప్రింట్ ఎట్ 10,ఎక్స్; ఇంక్ 6; "వీ"
90 లెట్ ఎస్=ఎస్+1: గో టూ 30
100 ప్రింట్ ఎట్ 0,0, "స్కోరు ", ఎస్
110 స్టాప్

కొట్టి రన్ చేయండి. ఓ నొక్కితే ఎడమకి, పీ నొక్కితే కుడికి. కదలకపోతే క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉందేమో చూడండి, 60లో పోల్చేది చిన్న అక్షరంతో, లాక్ ఆన్‌లో ఉంటే ఇన్‌కీ (ఇప్పుడు ఏ కీ నొక్కారో చెప్పేది) పెద్ద అక్షరం ఇస్తుంది, రెండూ ఒకటి కాదు. దీనికి ఎర్రర్ ఏమీ రాదు, బండి ఊరికే కదలకుండా నిలబడి చుక్కకి బలైపోతుంది.

ఇప్పుడు 30వ లైన్. స్పెక్ట్రమ్‌కి ఒక అలవాటు, స్క్రీన్ నిండి పైకి జరగాల్సి వస్తే ఆగి "స్క్రోల్?" అని అడుగుతుంది. 23692 అనే మెమరీ గదిలో ఎన్ని వరసలు అడక్కుండా జరపొచ్చో లెక్క ఉంటుంది, మనం అందులో 255 పోసేస్తే నోరు మూసుకుంటుంది. ఒక్కో జరుగుడికీ ఆ లెక్క ఒకటి తగ్గుతుంది. అందుకే 90 తిరిగి 30కే వెళ్తుంది, 40కి కాదు. మీరు పొరపాటున గో టూ 40 అని కొట్టారనుకోండి, గేమ్ భేషుగ్గా నడుస్తుంది, మీరూ సంతోషపడతారు, స్కోరు 250 దాటాక మాంచి ఊపులో ఉన్నప్పుడు "స్క్రోల్?" అని ఆగిపోతుంది. తప్పు మొదటి సెకనులోనే ఉంది, బయటపడింది మాత్రం చాలాసేపటికి. ఈ పాఠం మొత్తం ఇలాంటి వాటి గురించే.

60వ లైన్ చూశారా, బ్రాకెట్లో పోలిక పెట్టి దాన్నే కూడేశాం. స్పెక్ట్రమ్‌లో నిజం అంటే 1, అబద్ధం అంటే 0, అందుకే పీ నొక్కితే ఒకటి కలుస్తుంది. ఆ కాలపు వేరే కంప్యూటర్లు కమొడోర్ 64లోనూ బీబీసీ మైక్రోలోనూ నిజం అంటే -1! అదే ఫార్ములా అక్కడ పెడితే పీ నొక్కినప్పుడు బండి ఎడమకి పోతుంది. మన దేశంలో 1984-85లో క్లాస్ ప్రాజెక్టు కింద స్కూళ్లకి వచ్చినవి బీబీసీ మైక్రోలే, అప్పుడు వాటి మీద చెయ్యి తిరిగినవాళ్లు ఎవరైనా ఈ పాఠం చదువుతుంటే ఈ ప్లస్సూ మైనస్సూ దగ్గర కాస్త చూసుకోండి. ఒక మెషిన్ లిస్టింగ్ ఇంకో మెషిన్‌కి మార్చేటప్పుడు ఎక్కువగా తన్నేది ఇదే.

70లో స్క్రీన్$ (ఆ గడిలో ఏ అక్షరం ఉందో చెప్పేది) ముందు, చుక్క తర్వాత. తిరగేసి చుక్క ముందు పెడితే పని చేయదు, అది మీ తప్పు కాదు, మీరు కొట్టింది ఉండే రామ్‌లో కాదు, మెషిన్‌తో పాటే వచ్చిన రోమ్‌లోనే ఉన్న బగ్, ఎప్పుడూ తగిలిందనే చెప్తుంది.

సరే ఇప్పుడు చుక్క బదులు మంచి రాక్షసుడి బొమ్మ పెడదాం. స్పెక్ట్రమ్‌లో మనం గీసుకోడానికి ఏ నుంచి యూ దాకా 21 అక్షరాలు ఖాళీగా ఇచ్చారు, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కో అంకె ఒక వరస చుక్కలు. ఇవి కలపండి:

5 గో సబ్ 200
200 ఫర్ ఐ=0 టూ 7
210 రీడ్ ఎన్: పోక్ యూఎస్ఆర్ "ఏ"+ఐ, ఎన్
220 నెక్స్ట్ ఐ
230 డేటా 24,60,126,219,255,36,90,165
240 రిటర్న్

తర్వాత 40లో చుక్క తీసేసి, క్యాప్స్ షిఫ్ట్‌తో 9 నొక్కితే కర్సర్ జీ అవుతుంది, అప్పుడు ఏ కొట్టి, మళ్లీ 9 కొట్టి బయటకి రండి. పాత పత్రికల్లో పెద్ద గొయ్యి ఇక్కడే ఉంటుంది. ఈ బొమ్మ అక్షరాలు అచ్చులో మామూలు ఏ, బీ, సీ లాగే కనిపిస్తాయి, ఎందుకంటే రన్ చేయకముందు వాటి రూపం అదే. లిస్టింగ్‌లో కొటేషన్ల మధ్య అర్థం లేని పెద్దక్షరం ఒక్కటే కనిపిస్తే అది బొమ్మ అనే అనుమానించండి, మామూలుగా కొట్టేస్తే స్క్రీన్ మీద రాక్షసుడి బదులు ఏ అక్షరం మీ మీదకి వస్తుంది, చూడ్డానికి భలే నవ్వొస్తుందిలెండి.

రన్ చేయండి. రాక్షసులు వస్తున్నారు, తగులుతున్నారు, మీరు మాత్రం చావట్లేదు! 70వ లైన్‌లో ఇంకా "*" ఉంది కదా అని మార్చి, అక్కడా బొమ్మే పెట్టి చూడండి. అయినా చావరు. స్క్రీన్$ మామూలు అక్షరాల్నే గుర్తుపడుతుంది, మనం గీసిన బొమ్మ కనిపిస్తే ఖాళీ చేతులు చూపిస్తుంది. అందుకని రంగు చూసి పట్టుకోవాలి, ఎట్ర్ అంటే ఆ గడి రంగు చెప్పే అంకె:

70 ఇఫ్ ఎట్ర్ (10,ఎక్స్)=2 దెన్ గో టూ 100

ఆ 2 ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఇంక్ + 8 సార్లు పేపర్, బ్రైట్ ఉంటే 64, ఫ్లాష్ ఉంటే 128. మన రాక్షసుడు ఎరుపు అంటే 2, పేపర్ నలుపు అంటే 0. ఖాళీ గడి 7. అంతే.

ఇక నా గోల ఒకటి చెప్పాలి. పోయిన ఆదివారం ఇలాంటిదే ఒక లిస్టింగ్ స్కాన్ చూసి కొట్టా, బొమ్మ బాగానే వచ్చింది, గేమ్ నడిచింది, చావగానే "ఈ అవుట్ ఆఫ్ డేటా, 210:1" అని పడింది. డేటా అయిపోయింది అంటోంది కదా అని డేటా లైన్ మీద కూర్చున్నా, ఎనిమిది అంకెలు లెక్కపెట్టా, కామాలు లెక్కపెట్టా, లైన్ మొత్తం చెరిపి మళ్లీ కొట్టా, మా ఆవిడ రెండుసార్లు అన్నానికి పిలిచింది. గంట తర్వాత వెలిగింది, స్టాప్ ఉండే లైన్ నేను కొట్టనే లేదు. స్కాన్‌లో పేజీ మడతలో పడిపోయింది. స్టాప్ లేకపోతే స్కోరు చూపించాక ప్రోగ్రాం ఆగదు, జారుకుంటూ 200కి పోతుంది, మళ్లీ రీడ్ అంటుంది, ఆ ఎనిమిదీ మొదట్లోనే చదివేశాం, ఇంకేముంది. మీరు కూడా ఒకసారి 110 చెరిపేసి రన్ చేసి చావండి, ఆ మెసేజ్ కళ్లతో చూస్తే ఇక మర్చిపోరు. అక్కడ చూడాల్సిన క్లూ ఏంటంటే బొమ్మ అప్పటికే సరిగ్గా వచ్చింది, అంటే డేటా ఒకసారి బాగానే చదివింది, మరి 210కి రెండోసారి ఎలా వచ్చింది అని అడగాలి. నేను అడగలేదు.

నిజంగా డేటాలో తప్పుంటే ఎలా ఉంటుందో కూడా చూద్దాం. 126, 219 మధ్య కామా మర్చిపోతే 126219 అవుతుంది, పోక్‌లో 255కి మించి పట్టదు, "బీ ఇంటీజర్ అవుట్ ఆఫ్ రేంజ్" వస్తుంది, లైన్ 210 అని. కామా బదులు ఫుల్‌స్టాప్ (.) కొడితే రెండు అంకెలు ఒకటైపోయి లెక్క ఏడుకి దిగుతుంది, "అవుట్ ఆఫ్ డేటా" వస్తుంది, అదీ 210 అనే. 230 పేరు మెషిన్ ఎత్తనే ఎత్తదు. పాపం 210 ఏ తప్పూ చేయలేదు.

ఇంకా పాపిష్ఠిది, అంకె తప్పయినా ఏ మెసేజూ రానిది. దీనికి కొన్ని పత్రికలు చెక్‌సమ్ పెట్టాయి, అమెరికాలో కంప్యూట్స్ గెజెట్ అనే పత్రిక 1983లో ఆటోమేటిక్ ప్రూఫ్‌రీడర్ అని చిన్న ప్రోగ్రాం ఇచ్చింది, లైన్ కొట్టగానే ఒక అంకె చూపిస్తుంది, పేజీ మీద ఉన్న అంకెతో కలిస్తే సరే. మనం కూడా ఒకటి చేద్దాం. పైన ఎనిమిదీ కూడితే 975. కానీ 219, 255 అటూ ఇటూ తారుమారైతే? అప్పుడూ 975 వస్తుంది, రాక్షసుడి కళ్లు మాత్రం ఒక వరస కిందకి జారతాయి. అందుకని మొదటి అంకెని 1తో, రెండోదాన్ని 2తో, అలా ఎనిమిదోదాన్ని 8తో గుణించి కూడాలి. సరైనది 4839 వస్తుంది, తారుమారైతే 4803. దొరికిపోయింది దొంగ.

4 లెట్ టీ=0
215 లెట్ టీ=టీ+ఎన్*(ఐ+1)
225 ఇఫ్ టీ<>4839 దెన్ ప్రింట్ "డేటా తప్పు": స్టాప్

బొమ్మ మార్చుకుంటే 4839 కూడా మార్చుకోవాలి, మర్చిపోయి నన్ను తిట్టొద్దు.

స్కాన్‌తో పోల్చి చూసుకోడానికి ఒక చిట్కా. చాలా లిస్టింగులు జెడ్ఎక్స్ ప్రింటర్ మీద, ఆ వెండి రంగు కాగితం మీద తీసినవి, వరసకి 32 అక్షరాలు. స్క్రీన్ కూడా 32 అక్షరాలే. కాబట్టి అలాంటి లిస్టింగ్ సరిగ్గా కొడితే లైను విరిగే చోట రెండింట్లోనూ ఒకటే అవుతుంది, మొత్తం చదవక్కర్లేదు, కుడి అంచు వెంట పైనుంచి కిందకి చివరి అక్షరాలు చూసుకుంటూ పోండి, ఎక్కడ తేడా వస్తే ఆ లైన్‌లోనే ఏదో ఎక్కువో తక్కువో కొట్టారు. సున్నా బదులు ఓ కొడితే మాత్రం దీనికి దొరకదు, పొడవు అదే కాబట్టి.

హోంవర్క్ రెండు. ఒకటి, ఒక వరసకి ఇద్దరు రాక్షసులు రావాలి, 40 తర్వాత ఎక్కడ ఏం కలపాలో మీరే చూడండి. రెండోది, 80లో ఇంక్ 6 తీసేసి ఇంక్ 2 పెట్టి ఆడండి, బండి రాక్షసుడి రంగులోనే ఉంటుంది, మరి తనని తానే గుద్దుకుంటుందా లేదా? 50, 70, 80 ఏ వరసలో నడుస్తున్నాయో కాగితం మీద గీసుకుని, రన్ చేయకముందే జవాబు రాసిపెట్టుకోండి.

5వ పాఠంలో కమొడోర్ లిస్టింగ్ ఒకటి తీసుకుని స్పెక్ట్రమ్‌కి మారుద్దాం, ఆ -1 సంగతి అక్కడ మళ్లీ వస్తుంది.