ఎండాకాలం ముందు అడవి అంచు ఊళ్లకు: వేటగాడు ఎదురుపడితే

శివరాత్రి దాటిందంటే మా వైపు కొండలు ఎండిపోతాయి. తిరుపతి దగ్గరి శేషాచలం కొండల్లో, భాకరాపేట నుంచి తలకోన దాకా వంకల్లో నీళ్లు అడుగంటి, అక్కడక్కడా మడుగులే మిగులుతాయి. ఫారెస్టువాళ్లు సాసర్ పిట్లలో, అంటే జంతువులు తాగడానికి కట్టిన లోతు తక్కువ తొట్లలో, ట్యాంకరుతో నీళ్లు పోయిస్తారు. దుప్పి, కణితి, అడవి పంది, ఎలుగు ఏదైనా ఆ కొద్ది నీళ్ల దగ్గరికే రావాలి. ఈ సంగతి వేటగాడికి బాగా తెలుసు. అదే కాలంలో మనమూ చింతకాయలు రాల్చడానికి, జీవాలు మేపడానికి, కట్టెలకు అవే దారుల్లో పోతాం. అందుకే ఎండలు ముదరకముందే ఈ మాటలు చెప్పుకోవాలి.

ముందుగా ఒకటి మనసులో పెట్టుకోండి. వేటగాడిని పట్టుకోవడం మన పని కాదు. 2013 డిసెంబరులో శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగల చేతిలో ఇద్దరు అటవీ సిబ్బంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. అడవి డ్యూటీలో ఆరితేరినవాళ్లకే అట్లా జరిగితే, చేతిలో కట్టె తప్ప ఏమీ లేని మనం ఎదురు నిలబడితే ఏమవుతుంది? క్షేమంగా ఇంటికి రావాలి, చూసింది చూసినట్టు సరైన మనిషికి చెప్పాలి. ఆ రెండూ చేస్తే చాలా చేసినట్టే.

నిజానికి వేటగాడు మన కంటపడేది తక్కువ. వాడు పెట్టిపోయినవే మనకు తగులుతాయి. ఉచ్చులు బైకు క్లచ్ తీగతోనో బ్రేకు తీగతోనో చేస్తారు. నీళ్లకు పోయే జాడకు అడ్డంగా ముళ్లకంప వేసుకుంటూ పోయి, మధ్యమధ్యలో ఒక జంతువు దూరేంత సందు వదిలి, ప్రతి సందులో ఒక ఉచ్చు కడతారు. కాబట్టి చేనూ మడీ లేని చోట కొత్తగా కొట్టిన కంప వరసగా కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఆ సందులో మేక దూరినా, మీ కాలు పడినా బిగుసుకుంటుంది, గింజుకునే కొద్దీ ఇంకా బిగుస్తుంది. మేకకు తగిలితే వెనక్కి లాగకండి. ఉచ్చు కట్టిన చెట్టు వైపుకే నెడితే తీగ వదులవుతుంది, అప్పుడు ముడి జారుతుంది. కటింగ్ ప్లేయరు ఒకటి సంచిలో వేసుకుని పోవడం ఇంకా మేలు, కొడవలితో ఆ తీగ తెగదు.

కరెంటు తీగ అంతకంటే ఘోరం. 11 కేవీ లైనుకు కొక్కెం తగిలించి, సన్నటి తీగను పుల్లల మీద మోకాటి లోపు ఎత్తులో చాలా దూరం లాగుతారు. పందికని పెట్టిన తీగకు మనిషి బలైపోతాడు. రాత్రి చేనికి నీళ్లు కట్టడానికి పోయేవాళ్లు టార్చి దూరానికి కాకుండా కాళ్ల ముందు నేల మీదకు వేసుకుంటూ నడవాలి. తీగ కనిపిస్తే కట్టెతో కూడా కదిలించొద్దు. ఎవరైనా దాని మీద పడి ఉంటే, కన్నకొడుకైనా సరే, కరెంటు పోయిందని తేలేదాకా ముట్టుకోవద్దు. లైన్‌మన్‌కు ఫోన్ చేయండి, ఆయన దొరక్కపోతే కరెంటువాళ్ల నంబరు 1912కి చేయండి. తీగకు మరీ దగ్గరగా వచ్చేశామని తెలిస్తే పెద్ద పెద్ద అంగలు వేయకుండా, రెండు పాదాలూ దగ్గరగా ఉంచి నేలకు రాసుకుంటూ వెనక్కి జరగాలి. నేలలో కూడా కరెంటు పాకి ఉంటుంది, కాళ్ల మధ్య ఎడం పెరిగే కొద్దీ ఒంట్లోకి ఎక్కువగా ఎక్కుతుంది.

ఇక నాటు బాంబులు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా చిన్నాన్న ఆవు కొండ కింద మేస్తూ ఒకటి కొరికింది. టపాకాయ పేలినట్టు చప్పుడు విని పరుగెత్తాం. దాని కింది దవడ లేదు. చూడిఆవు. సాయంత్రం దాకా నిలబడే ఉంది, నీళ్ల తొట్టి దగ్గర తల వంచుతుంది, తాగలేదు. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. పందులు కొరకాలని కోడిపేగుల్లోనో, పండులోనో, కొవ్వులోనో చుట్టి ఆ బాంబులు పడేస్తారు. అడవి దారిలో అట్లాంటి ఉండలు కనిపిస్తే తన్నొద్దు, రాయి విసరొద్దు, పిల్లలను తాకనివ్వొద్దు. జీవాలను మళ్లించుకుని దూరం జరిగి, అత్యవసర నంబరు 112కి చెప్పండి.

మనిషే ఎదురుపడితే? తలకు లైటు కట్టుకుని, భుజాన గోనెసంచిలో పొడుగ్గా ఏదో పెట్టుకుని, వెంట రెండు కుక్కలతో వస్తుంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. ఆ టెన్షన్‌లో నోరు జారకండి. "ఎవర్రా మీరు, ఇక్కడేం పని?" అని గద్దించడం, ఫోన్ తీసి ఫొటో కొట్టడం, ఈ రెండే ప్రాణం మీదికి తెస్తాయి. మీరు చూడడానికి వచ్చినవాళ్లు కాదు, పని మీద వచ్చినవాళ్లు అని వాడికి అనిపించాలి. "మామా, మా నల్లమేక ఇట్ల యాడన్నా కనపడిందా?" అని అడగండి. ఉంది అన్నా, లేదు అన్నా "సరే మామా, ఆ పక్క చూస్తా" అని ఊరివైపు తిరగండి. పరుగెత్తొద్దు. మలుపు తిరిగి, మాట వినపడనంత దూరం వచ్చాకే ఫోన్ తీయండి.

పొద్దు వాలాక తుపాకీ చప్పుడు వినిపిస్తే అటు పోయి చూడాలన్న ఆలోచన పెట్టుకోకండి. పొదల్లో కదిలేది మనిషా జంతువా అని చీకట్లో వాడికి తెలియదు. గట్టిగా మాట్లాడుకుంటూ, జీవాలను అదిలిస్తూ వెనక్కి రండి. అడవికి పోయేటప్పుడు మట్టిరంగు, ఖాకీ బట్టలకంటే దూరానికి కనిపించే ఎర్ర కండువా, తెల్లచొక్కా మంచివి. ఒక్కరే పోవద్దు. ఏ కోనకు పోతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి పోండి.

ఇప్పుడు అసలైన పని, చెప్పడం. "అడవిలో ఎవరో ఉన్నారు సార్" అంటే ఫారెస్టువాళ్లు ఎక్కడని వెతకాలి? ఎంతమంది, ఎన్ని గంటలకు, ఏ వంక ఎగువన, ఏ బండ పక్కన, ఎటువైపు పోయారు, బండి ఉంటే నంబరు, ఇవి కావాలి. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. మన ప్రాంతం మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే, నిలబడిన చోటును గుర్తుపెట్టి, సిగ్నల్ దొరికాక పంపొచ్చు. ఎవరికి పంపాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. మీ వైపు అడవిని చూసుకునే బీట్ ఆఫీసరు నంబరు, ఆయన పైన ఉండే రేంజ్ ఆఫీసు నంబరు ఇవాళే ఫోన్‌లో ఎక్కించుకోండి. తుపాకీ, గొడ్డళ్లతో గుంపు కనిపించినా, బండి మీద ఎర్రచందనం దుంగలు పోతున్నా 112కి ఫోన్ చేయండి. నా పేరు బయట పెట్టొద్దని ఫోన్‌లోనే అడగండి, అడగడం తప్పు కాదు.

ఊరి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఆ గ్రూపులో వాడి బావమరిది ఉంటాడు, మీరు ఫారెస్టు ఆఫీసుకు చేరేలోపు అడవి ఖాళీ అవుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి. ఎవరో అమాయకుడి ఫొటో దొంగ అని తిరిగి, నలుగురూ కలిసి కొట్టేస్తే ఆ పాపం ఎవరిది? మా వైపు ఏం జరిగినా ముందు గిరిజనులైన యానాదుల గుడిసెల మీదే అనుమానం పడుతుంది. చాలా అన్యాయం అది. తేనెకు, దుంపలకు, ఉసిరికాయలకు అడవిలోకి పోయే హక్కును 2006 అటవీ హక్కుల చట్టమే గిరిజనులకు ఇచ్చింది. వేట ఒక్కదానికే అందులో చోటు లేదు. మనిషి కులాన్ని కాదు, చేతిలో ఉన్న తీగను చూసి అనుమానించండి.

ఉచ్చులో అడవి జంతువు బతికి ఉందంటే జాలిపడి విడిపించబోవద్దు, చిరుతైతే మరీను. తీగ ఏ క్షణంలోనైనా తెగొచ్చు. ఊరంతా చుట్టూ చేరి సెల్ఫీలు దిగుతుంటే అది బెదిరి ఇంకా గింజుకుంటుంది. జనాన్ని దూరంగా, మౌనంగా ఉంచి, మత్తు ఇచ్చే డాక్టరుతో ఫారెస్టువాళ్లు వచ్చేదాకా ఆగాలి. చనిపోయిన జంతువైతే ముట్టుకోవద్దు, తోలూ కొమ్మూ గోరూ తీయొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది సర్కారు సొత్తు. ఏదైనా మీ చేతికి వస్తే 48 గంటల్లోపు చెప్పి అప్పగించాలి.

తెలిసినవాడే వేటగాడైనప్పుడు కష్టం. వరసకు మామో అన్నో అవుతాడు, పెళ్లిలో పక్కపక్కన కూర్చుని తింటాం. పంది ఏటా చెనక్కాయ చేను దున్నేస్తుంటే విసిగి తీగ పెట్టినవాడూ ఉంటాడు. వాడి కడుపుమంట నాకు అర్థమవుతుంది. పంట పోయినందుకు పరిహారం కోసం ఫారెస్టు ఆఫీసులో అర్జీ పెట్టిద్దాం రా అని వెంట తీసుకుపోండి. వాడి అమ్మతోనో భార్యతోనో పగటిపూట, ఇంటి దగ్గర, మెల్లగా మాట్లాడండి. నెమలి, ఉడుము, ఒళ్లంతా పొలుసులుండే అలుగు లాంటివి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటిని చంపితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు అని చెప్పండి. అమ్మడానికి వేటాడేవాడికి, తుపాకీ ఉన్నవాడికి ఈ మాటలు పనికిరావు, వాళ్ల సంగతి నేరుగా ఫారెస్టుకే చెప్పాలి. మాంసం వాటా ఇంటికి పంపితే వద్దని తిప్పి పంపండి. అది మీ ఇంట్లో దొరికితే కేసు మీ మీద కూడా పడుతుంది.

తిరుపతి నుంచి ట్రెక్కింగ్‌కు వచ్చే తమ్ముళ్లకు ఒక్క మాట. అనుమతి లేకుండా శేషాచలంలోకి దిగకండి. రాత్రి టార్చిలతో తిరిగే గుంపు ఎవరిదో దూరం నుంచి ఎర్రచందనం దొంగలను పట్టే టాస్క్‌ఫోర్స్‌కూ తెలియదు, దొంగలకూ తెలియదు.

వచ్చే వారం చింతకాయ కోతలు మొదలయ్యేలోపు మీ బీట్ ఆఫీసరును ఒక పూట ఊళ్లోకి పిలవండి. పోయిన ఏడాది ఉచ్చులు దొరికిన మడుగులు ఏవో మేకలు కాసేవాళ్లకు తెలుసు. పొద్దున్నే ఆయనతో కలిసి ఆ జాడలన్నీ ఒకసారి నడిచి, దొరికిన తీగలు ఆయన చేతనే తీయించి, ఆ తరువాతే జీవాలను అటు తోలండి.