పైపు రెడ్యూసర్లు – 4వ పాఠం: పంపు సక్షన్‌లో 6×4 ఎక్సెంట్రిక్ ఫిటప్

రెడ్యూసరు అంటే పెద్ద పైపును చిన్న పైపుతో కలిపే ముక్క. గత పాఠంలో చూసిన కాన్సెంట్రిక్ రెడ్యూసరులో రెండు చివర్ల సెంటర్లూ ఒకే వరసలో ఉంటాయి, కాబట్టి ఎటు తిప్పి పెట్టినా ఒకటే. ఎక్సెంట్రిక్‌లో సెంటర్లు ఒకే వరసలో ఉండవు, ఒక పక్క చదును ఉంటుంది. అది ఎటు రావాలో తేలాకే టాకు (ముక్కలను కదలకుండా పట్టి ఉంచే చిన్న వెల్డు) పెట్టాలి.

ఈసారి పని ఇది: అడ్డంగా వచ్చే 6 అంగుళాల సక్షన్ లైను (పంపులోకి నీరు వచ్చే పైపు), 4 అంగుళాల పంపు నాజిల్ (పైపు కలిపే పంపు మూతి), కార్బన్ స్టీలు, షెడ్యూల్ 40 (పైపు గోడ మందం తరగతి). ఇక్కడ చదును పైకి ఉండాలి. కాన్సెంట్రిక్ పెడితే పెద్ద పైపు లోపలి కప్పు చిన్నదాని కప్పు కంటే దాదాపు 26 మి.మీ. ఎత్తులో ఉంటుంది. గాలి అక్కడ చేరి, పెరిగి, ఒక్కసారిగా ఇంపెల్లరులోకి (పంపు లోపల తిరిగే చక్రంలోకి) పోతుంది. ప్రెషరు పడిపోయి పంపు అదురుతుంది. పైప్ ర్యాకు (పైపులను మోసే స్టాండు) మీద చదును కిందికి పెడతారు. రెండు పైపుల అడుగులూ ఒకే ఎత్తులో సపోర్టు మీద కూర్చుంటాయి, లైను ఖాళీ చేసినప్పుడు నీరు నిలవదు. లైను పైనుంచి దిగి ఎల్బో తిరిగి పంపుకు వస్తే సక్షన్‌లో కూడా చదును కిందికి పెట్టొచ్చు, గాలి వెనక్కి పైకి పోతుంది కాబట్టి. డ్రాయింగులో ఎఫ్ఓటీ అంటే చదును పైకి, ఎఫ్ఓబీ అంటే కిందికి. అది చూడకుండా ఊహతో పెట్టకండి.

ఇప్పుడు లెక్క. బయటి వ్యాసాలు 168.3, 114.3 మి.మీ. తేడా 54, అందులో సగం 27. చదును పైకి ఉంటే 6 అంగుళాల పైపు సెంటరు నాజిల్ సెంటరు కంటే 27 మి.మీ. దిగువకు వస్తుంది. సపోర్టు ఎత్తు కూడా అంతే తగ్గించాలి. రెడ్యూసరు పొడవు 140 మి.మీ. పైపు కోసేటప్పుడు దీనితో పాటు ఫ్లాంజ్ (నాజిల్‌కు బోల్టులతో బిగించే అంచు) పొడవు, రెండు రూట్ గ్యాపులు (వెల్డు కోసం ముక్కల మధ్య వదిలే సందులు) కూడా తీసేయాలి.

ఎక్కువమంది తప్పేది చదును గీత దగ్గరే. చదును అంటున్నాం గానీ అది పలక కాదు, ఒకే ఒక గీత. దాని మీద స్పిరిట్ లెవెల్ పెడితే ముందువెనకల వాలు తెలుస్తుంది, రెడ్యూసరు పక్కకు తిరిగిందో లేదో తెలియదు. అందుకే ముందు స్ట్రెయిట్ ఎడ్జ్‌ను రెడ్యూసరు పొడవునా ఆనించి, ఎక్కడా వెలుతురు కనిపించని చోట సోప్‌స్టోన్‌తో (లోహం మీద రాసే సుద్దరాయితో) గీత గీయండి. అక్కడినుంచి టేపుతో చుట్టుకొలతను నాలుగు భాగాలు చేయండి: పెద్ద చివర 132 మి.మీ. చొప్పున, చిన్న చివర దాదాపు 90 చొప్పున. క్లాస్ 150 (ప్రెషరు తరగతి) 4 అంగుళాల ఫ్లాంజ్‌కు 8 బోల్టు రంధ్రాలు. పై రెండు రంధ్రాల మీద లెవెల్ పెట్టి సరిచేశాక, మీ గీత సరిగ్గా ఆ రెంటి మధ్యకు రావాలి. పెద్ద చివర మీద గీత 10 మి.మీ. పక్కకు జరిగితే పైపు సెంటరు 3 మి.మీ. పక్కకు పోతుంది. దాన్ని బోల్టులతో లాగి కలిపితే ఆ బలమంతా పంపు మీద పడి అలైన్‌మెంటు చెడుతుంది.

చిన్న చివరను ఫ్లాంజ్‌తో బెంచీ మీదే కలపండి. బెవెల్ (అంచు వాలుగా కోసిన కోణం) 37.5 డిగ్రీలు, రూట్ ఫేస్ (అంచు అడుగున వాలు లేకుండా వదిలే మందం) 1.6 మి.మీ. 2.4 మి.మీ. ఫిల్లర్ వైరు ముక్కను వంచి మధ్యలో పెడితే గ్యాపు చుట్టూ సమానంగా వస్తుంది. టాకులు పైన, కింద, తర్వాత రెండు పక్కల. వరసగా ఒకే దిక్కున పెట్టుకుంటూ పోతే వెల్డు కుంచించుకుని గ్యాపు ఎదుటి పక్క తెరుచుకుంటుంది. ప్రతి టాకు తర్వాత గీతను మళ్లీ చూడండి. టాకు చివర్లు గ్రైండరుతో పలచగా చేశాకే టిగ్ వెల్డింగుతో రూట్ పాస్ (అడుగున వేసే మొదటి వెల్డు వరస) వేయండి, లేకపోతే అక్కడ వెల్డు కరగక నిలిచిపోతుంది. పెద్ద చివరా ఇలాగే.

అభ్యాసం: నాజిల్ 6 అంగుళాలు, సెంటరు నేలనుంచి 750 మి.మీ. లైను 8 అంగుళాలు, బయటి వ్యాసం 219.1. చదును పైకి పెడితే లైను సెంటరు ఎంత ఎత్తులో ఉంటుంది? జవాబు 5వ పాఠంలో.