ఎంఆర్‌ఎన్‌ఏ పాఠాలు – 4: మార్చిన అక్షరం, కట్టిన చీటీ

పోయిన వారం లెక్క ముందు తేల్చేద్దాం. ఎంఆర్‌ఎన్‌ఏ అంటే ఏ ప్రొటీన్ చేయాలో కణానికి చెప్పే సందేశం. ఎ, యు, జి, సి అనే నాలుగు అక్షరాల్లో ఉంటుంది, మూడేసి అక్షరాలు ఒక కోడాన్. ఎయుజి యుయుయు జిసియు యుఎఎ. ఇందులో 'యు'లు ఎన్ని? ఆరు. కర్నూలులో సాయంత్రం నా దగ్గర చదువుకునే పిల్లల్లో సగం మంది ఐదన్నారు. ప్రొటీన్ ఇక్కడితో ఆపమనే చివరి స్టాప్ కోడాన్‌ని (యుఎఎ) లెక్కలో వదిలేశారు మరి.

అసలు తంటా అంతా ఈ 'యు'తోనే, అంటే యూరిడిన్‌తోనే. బయట తయారుచేసిన ఎంఆర్‌ఎన్‌ఏ లోపలికి వెళ్లగానే కణంలోని కాపలా రిసెప్టర్లు వైరస్ వచ్చిందని గోల మొదలుపెడతాయి. యూరిడిన్ బదులు సూడోయూరిడిన్ పెడితే ఆ గోల తగ్గుతుందని 2005లో శాస్త్రవేత్తలు కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ చూపించారు. 2023లో నోబెల్ వచ్చింది. చేసిన మార్పు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఒక్క పరమాణువు పెరగలేదు, తగ్గలేదు. మామూలు యూరిడిన్‌లో బేస్ అనే భాగం చక్కెర భాగానికి నైట్రోజన్ దగ్గర అతుక్కుంటుంది, ఇందులో కార్బన్ దగ్గర. రెండూ నోట్సులో పక్కపక్కన గీయండి, చదివి ఊరుకుంటే రేపటికి గుర్తుండదు. ఖాళీ అయిన ఆ నైట్రోజన్‌కి మిథైల్ తగిలిస్తే ఎన్1-మిథైల్‌సూడోయూరిడిన్. ఫైజర్, మోడెర్నా కొవిడ్ టీకాల్లో వాడింది ఇదే.

ఇక కణంలో ఎంఆర్‌ఎన్‌ఏ జాడ పట్టడం. టి7 పాలిమరేజ్ అనే ఎంజైమ్‌తో ఎంఆర్‌ఎన్‌ఏ తయారుచేసేటప్పుడు 'యు'ని అందించే ముడిసరుకు యూటీపీలో కొంత భాగం సై5 రంగు తగిలించినది కలుపుతారు. కొంతే సుమా! రంగు అణువు లావుపాటిది, ఎక్కువైతే ఎంఆర్‌ఎన్‌ఏ చదివి ప్రొటీన్ చేసే రైబోజోమ్ తడబడుతుంది. సరిగ్గా కుదిరితే మైక్రోస్కోప్‌లో ఎర్ర చుక్కలు కనిపిస్తాయి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బస్తాకు చీటీ కట్టారనుకోండి. చీటీని బట్టి బస్తా ఎక్కడుందో చెప్పొచ్చు, ఆ పత్తి నూలైందో లేదో చెప్పలేం. పైగా చీటీ తెగి కింద పడినా చీటీలాగే ఉంటుంది. ఎంఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోయినా రంగు అలాగే మెరుస్తుంది. అందుకే ఆకుపచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రొటీన్ కోడ్ ఉన్న ఎంఆర్‌ఎన్‌ఏని ఎంచుకుంటే మేలు. ఎరుపు ఎంఆర్‌ఎన్‌ఏ జాడ, ఆకుపచ్చ అది చేసిన పని. ఎరుపుండి ఆకుపచ్చ లేకపోతే సరుకు ఎండోసోమ్‌లోనే (కణం బయటి సరుకును లోపలికి తీసుకునే సంచి) ఇరుక్కుందేమోనని ముందు అనుమానించాలి.

ఇంటిపని రెండు. పై వరుసలో ప్రొటీన్ మారకుండా 'యు'లను నాలుగుకు తగ్గించండి, యుయుయు, యుయుసి రెండూ ఫినైల్‌అలనీనే. రెండోది: ఒక కణంలో ఆకుపచ్చ మాత్రమే ఉంది, ఎరుపు లేదు. ఏం జరిగి ఉంటుంది? వచ్చే వారం ఎంఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఉండే టోపీకి, అంటే క్యాప్‌కి తాళం వేసి, వెలుతురుతో తెరవడం చూద్దాం.